వెనక గోడ

బ్రిటన్‌లో 1963 నాటి బీచింగ్ నివేదిక 2,363 రైల్వే స్టేషన్లు మూసేయమంది. అన్నీ మూతపడలేదు గానీ, పల్లెల బ్రాంచి లైన్లు చాలామటుకు పోయాయి. అలా పోయిన ఓ చిన్న స్టేషన్‌కి నమూనా చెయ్యాలంటే రెడీమేడ్ కిట్ దొరకడం కష్టం. అట్టనీ ప్లాస్టిక్ షీటునీ కోసి మొదట్నుంచీ కట్టుకోవాల్సిందే. కొలతలు పాత ఫోటోల్లోంచి తీస్తారు. అక్కడి గోడల్లో నాలుగు ఇటుక వరసలు దాదాపు ఒక అడుగు. అడుక్కి 4 మిల్లీమీటర్ల స్కేల్లో ఒక్కో వరసా ఒక మిల్లీమీటరు. వరసలు లెక్కపెడితే చూరు ఎత్తు తేలిపోతుంది. ఈ లెక్క నాకు భలే ఇష్టం.

చిక్కల్లా వెనక గోడతోనే. చాలా ఫోటోలు ప్లాట్‌ఫామ్ వైపు నుంచి తీసినవి. వెనక కిటికీలు రెండో మూడో ఎవరు చెప్పాలి? చరిత్ర రాసేవాడైతే ‘బహుశా’ అని ఓ మాట వేసి ముందుకెళ్తాడు. అట్టముక్కకి ఆ మాట రాదు. కిటికీ కొయ్యాలి, లేదా మానాలి. ఊహించి కోసిన కిటికీకీ అదే రంగు, అదే మసి. రేపు ఇంకొకడు దాన్ని చూసే తన స్టేషన్ కట్టొచ్చు.

బొమ్మే కదా అంటారా? అసలు స్టేషన్ ఉంటే నేనూ అలాగే అనేవాణ్ణి. తెలియని గోడను వెనక తెర వైపు తిప్పేయడం తప్పించుకోవడమే. నేనైతే దాన్ని రంగు లేని తెల్ల అట్టగా వదిలేయమంటాను. చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ ఆ ఊరి ముసలాయన ఎవరైనా చూసి, ఇక్కడ బొగ్గుల కొట్టుండేది అంటే, అప్పుడు కొయ్యొచ్చు.