గుండు తగిలిన చోటికి

ఫైరింగ్ రేంజిలో కాల్పులు ఆగాక రెండు పనులు మిగులుతాయి. పడుకున్న చోట పక్కన రాలిన ఎంప్టీలు, అంటే పేలిన తూటాల ఖాళీ తొడుగులు, ఏరి అప్పగించడం ఒకటి. ఎదురుగా మట్టి దిబ్బ ముందు నిలబెట్టిన టార్గెట్ దాకా నడిచి వెళ్లి, గుండు ఎక్కడ తగిలిందో చూడడం రెండోది. మహిళా కళాశాలలో సంస్కృతం చెబుతూ, గ్వాలియర్‌లో శిక్షణ పొంది ఎన్‌సీసీ అధికారిణిగానూ పనిచేసిన నాకు ఈ రెండూ ఏళ్ల తరబడి అలవాటైన పనులు. సంస్కృతం చదివినదాన్నని బంధువులు, ఇరుగుపొరుగు వాళ్లు ఏ దోషానికి ఏ శాంతి చేయించాలని నన్ను అడుగుతుంటారు. చేసిన తప్పుకు పరిహారం అనుకుంటూ మనం చేసేది ఈ రెండు పనుల్లో ఏది? రేంజిలో నిలబడి ఉండగానే ఈ ప్రశ్న నాకు మొదట తట్టింది.

పాయింట్ టూటూ రైఫిల్ పెద్ద తుపాకీ ఏమీ కాదు. ఒక్కో అమ్మాయికి అయిదు రౌండ్లు ఇస్తారు. దరీ మీద బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి, ఊపిరి కాస్త వదిలి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కుతుంది. బోల్టు వెనక్కి లాగగానే ఎంప్టీ ఎగిరి పక్కన పడుతుంది. చిటికెన వేలి గోరు కంటే కొంచెం పొడవు, అంతే. పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, కాలిన మందు వాసన వేస్తుంది. అడుగు అంచున పిన్ను కొట్టిన నొక్కు కనిపిస్తుంది. ఈ రకం తూటాలో నిప్పు పుట్టించే మందు అంచులోనే ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడే పడుతుంది. తూటాలకు మామూలుగా వాడే ఇత్తడిలో డెబ్భై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు. మందు అంటుకున్న క్షణంలో అది ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుపోయి మంటను వెనక్కి రానివ్వదు. ఆ వెంటనే కాస్త ముడుచుకుని బయటికి రావడానికి వీలిస్తుంది. కాల్చేవాళ్ల ముఖం కాలకుండా కాపాడేది ఆ పలచని ఇత్తడి గోడే.

ఇచ్చిన రౌండ్లెన్ని, పేలకుండా మిగిలినవెన్ని, తిరిగొచ్చిన ఎంప్టీలెన్ని అన్న లెక్క రిజిస్టరులో సరిపోవాలి. ఒక సాయంత్రం ఒకటి తగ్గింది. అమ్మాయిలందరూ వరసగా మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని పాయలు పాయలుగా విడదీసి వెతికారు. దరీలు దులిపారు, బూట్లు విప్పి చూశారు. చివరికి ఇసుక బస్తా మడతలో దొరికింది. ఇంకా వెతుకుతుండగానే రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె నా వైపు తిరిగి, "మేడమ్, నా గుండు ఒక్కటీ టార్గెట్‌కి తగల్లేదు. అవి ఎటు పోయాయని ఎవరూ అడగలేదు. ఈ ఇత్తడి ముక్క కోసం మాత్రం అందరం నేల మీద పాకుతున్నాం" అంది. కాల్పులు నేర్పే మా ఉస్తాద్ కర్నూలు వైపు హవల్దారు, మాట మెత్తన. ఆయనే జవాబు చెప్పారు. "ఇది చేతికి రాకపోతే గుండు పేలిందో, ఎవరి జేబులోనన్నా ఉందో ఎట్ల తెలుస్తాదమ్మా?"

ఆ జవాబు సరైనదే. ఎంప్టీ నమ్మకమైన సాక్షి. పిన్ను నొక్కును పరీక్షించి అది ఏ తుపాకీలోంచి వచ్చిందో నిపుణులు పోల్చి చూడగలరు. ఎన్ని పేలాయో, ఎక్కడ నిలబడి కాల్చారో కూడా అది చెబుతుంది. కానీ ఆ సాక్ష్యమంతా కాల్చిన మనిషి గురించే. ఎవరికి తగిలింది, ఏమైంది అన్నది దానికి తెలియదు. ఆ అమ్మాయి అడిగింది దాని గురించే.

గీతాభాష్యం పదమూడో అధ్యాయంలో శంకరులు వదిలిన బాణం పోలిక తెస్తారు. జ్ఞానం కలిగాక కూడా ప్రారబ్ధం వెంటనే ఎందుకు తీరదంటే, వింటి నుంచి వెళ్లిన బాణం గురిని కొట్టాక కూడా తన వేగం తీరేదాకా పోయి పడాల్సిందే. ఇంకా వదలని బాణాన్నయితే వెనక్కి తీసుకోవచ్చు. ఈ పోలికను తరగతిలో ఎంతో ఇష్టంగా చెప్పేదాన్ని. అక్కడి చర్చంతా విలుకాడి పక్షాన నిలబడి చేసినది. బాణం పడిన చోట ఎవరున్నారన్నది అక్కడి ప్రశ్న కాదు, అందుకు శంకరులను తప్పుపట్టను. దాన్ని మన ఇళ్లలో వాడుకునే తీరే నన్ను బాధిస్తుంది. తమ్ముడి వాటా పొలం తన పేర రాయించుకున్న అన్న, ఇంట్లో ఏదో కీడు జరిగాక శాంతులు మొదలుపెడతాడు. ఏకాదశ రుద్రం, నూట ఎనిమిది ప్రదక్షిణలు, పదకొండు మందికి భోజనం. లెక్క ఎక్కడా తప్పదు, శ్రద్ధలోనూ లోపం ఉండదు. తమ్ముడి గడప మాత్రం తొక్కడు. పొలం మాట ఎత్తితే "వాడి ప్రారబ్ధం" అంటాడు.

ధర్మశాస్త్రం ఇలా చెప్పలేదు. మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రకారం, ఇంకొకరి ఇంట్లో అల్పమైన వస్తువు దొంగిలించినవాడు కూడా సాంతపన కృచ్ఛ్రం అనే ప్రాయశ్చిత్త వ్రతం చేయాలి. అయితే ఆ సొత్తు తిరిగి ఇచ్చేశాకే. అదే అధ్యాయం పాపం నుంచి విడుదలకు మార్గాలు చెబుతూ పశ్చాత్తాపం కంటే, తపస్సు కంటే ముందు, చేసినది నోటితో నలుగురికీ చెప్పడాన్ని పెట్టింది. యాజ్ఞవల్క్యుడు ఇంకా కఠినంగా మాట్లాడాడు. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుంది. తెలిసి చేసినవాడు మాత్రం దానివల్ల మళ్లీ నలుగురితో వ్యవహరించడానికి తగినవాడవుతాడు, అంతవరకే. పండితులు దీని మీద ఎంతో వాదించారు. నా మటుకు నాకు, తెలిసి చేసినదాన్ని మంత్రం చెరిపేయదన్న ఆ నిజాయితీ అంటే గౌరవం.

ఉస్తాద్‌తో ఒకసారి ఈ మాట వస్తే, "నమాజు తప్పితే అల్లా మాఫ్ చేస్తాడేమో మేడమ్. మనిషికి పడిన బాకీ ఆ మనిషే మాఫ్ చెయ్యాల" అన్నారు. ఇస్లాంలో దీన్ని హుకూకుల్ ఇబాద్ అంటారు, సాటి మనుషుల హక్కులు. జైనులైతే పర్యూషణం ముగిసే సంవత్సరి నాడు మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడుగుతారు.

గుండు తగిలిన వైపు చూడకపోతే ఏమవుతుందో తలుచుకుంటే నాకు అమృత్‌సర్ గుర్తొస్తుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో బ్రిటిష్ సైన్యాధికారి డయ్యర్ తెచ్చిన యాభై మంది తుపాకుల సిపాయిలు పది నిమిషాల పాటు కాల్చారు. పేలిన రౌండ్లు 1650. సిపాయిలు ఏరుకున్న ఎంప్టీలను లెక్కించి ఆ సంఖ్య తేల్చారని చెబుతారు. చనిపోయినవాళ్ల లెక్క తీయడానికి మాత్రం అధికారులకు నెలలు పట్టింది. సర్కారు 379 అంది, కాంగ్రెస్ విచారణ వెయ్యి దాకా అంది. నేటికీ అది తేలలేదు. గాయపడినవాళ్లకు ఏం చేశావని విచారణ జరిపిన హంటర్ కమిటీ అడిగితే, అది తన పని కాదని, ఆసుపత్రులు తెరిచే ఉన్నాయని డయ్యర్ జవాబిచ్చాడు. ఇత్తడి లెక్క అంకెతో సహా దొరికిన చోట మనుషుల లెక్క దొరకలేదన్నది నాకు మింగుడుపడని విషయం.

తగిలిన వైపుకు నడిచినవాడు రామాయణం అయోధ్యాకాండలో దశరథుడు. ఆయనది చీకట్లో చూసిన గురి. సరయూ తీరాన కుండ నిండుతున్న చప్పుడును ఏనుగు అనుకుని బాణం వేశాడు. మనిషి కేక వినపడింది. ఆ క్షణంలో వెనక్కి తిరిగి రథమెక్కితే అడిగేవాళ్లు లేరు. ఆయన కేక వచ్చిన వైపుకే నడిచాడు. మనం శ్రవణకుమారుడని పిలుచుకునే ఆ బాలుడు, అంధులైన తల్లిదండ్రులకు కబురు చెప్పమన్నాడు, బాణం లాగేయమన్నాడు. ప్రాణం పోయింది. దశరథుడు కుండ నీళ్లతో నింపుకుని ఆ బాలుడు చెప్పిన దారినే ఆశ్రమానికి వెళ్లాడు. అడుగుల చప్పుడు విని ఆ ముసలి తండ్రి, ఇంత ఆలస్యమేమిటి నాయనా, త్వరగా నీళ్లు తే అన్నాడు. తాను ఆయన కొడుకును కానని, దశరథుడినని రాజు చెప్పుకున్నాడు. జరిగినదంతా తన నోటితో చెప్పాడు. నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల లక్ష ముక్కలయ్యేదని ఆ ముని అన్నాడు. చెప్పినందుకు శాపం తప్పలేదు, పుత్రశోకంతోనే దశరథుడి ప్రాణం పోయింది. ఒప్పుకుంటే ఫలం రద్దవుతుందని వాల్మీకి ఎక్కడా ఆశ పెట్టలేదు.

నా దగ్గర చదువుకుని ఇప్పుడు లాయరుగా ఉన్న ఒకమ్మాయి, ఇలా వెళ్లి ఒప్పుకోవాలన్న మాటకు గట్టి అభ్యంతరమే చెప్పింది. తప్పు చేసినవాడు తన బరువు దించుకోవడానికి బాధితుల ఇంటికి వెళ్లి ఏడిస్తే, వాళ్ల మీద ఇంకో బరువు పడదా? పడుతుంది, అలాంటి రాకపోకలు నేనూ చూశాను. కానీ దశరథుడి చేతిలో ఏముందో చూడాలి. ఆ తల్లిదండ్రులిద్దరూ దాహంతో కొడుకు కోసం ఎదురుచూస్తున్నారు, కదల్లేరు, కబురు తెచ్చేవాళ్లు లేరు. వాళ్లకు కావాల్సిన నీళ్లు ఆయన పట్టుకెళ్లాడు. అడిగితే శవం దగ్గరికి చేయిపట్టి నడిపించాడు, వాళ్లు కొడుకును ఆఖరిసారి తడిమి చూసుకున్నారు.

అందుకే ఇప్పుడు ఎవరైనా శాంతి అడగడానికి వస్తే నేను పంచాంగం తీయడం లేదు. ఎవరికి తగిలింది, వాళ్లకిప్పుడు ఏం కావాలి అని అడుగుతున్నాను. పొలం రిజిస్ట్రేషన్ కాగితమా, ఎగ్గొట్టిన బాకీయా, పెళ్లి సంబంధం చెడగొట్టిన అబద్ధాన్ని ఆ ఊళ్లోనే అబద్ధమని చెప్పడమా? అది పట్టుకుని వెళ్లి రమ్మంటున్నాను. హోమం రోజు తర్వాత నిర్ణయించుకోవచ్చు.