ఇద్దరికి ఎన్ని లీటర్లు?

పద్నాలుగేళ్ళు చల్లగా కాపురం చేసిన మా ఫ్రిజ్జు మొన్న వేసవిలో కన్నుమూసింది. అబ్బాయి చదువుకని ఊరు దాటాడు. భావనపాడులో మిగిలింది మావారూ, నేనూ. ఇద్దరికి ఎంత ఫ్రిజ్జు కావాలి? ఈపాటి ప్రశ్నకి ఇంత ఆలోచనేమిటని నవ్వకండి. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

టెక్కలిలో కొట్టు కుర్రాడు 300 లీటర్లది చూపించాడు. "మేం ఇద్దరమే బాబూ" అన్నాను. "ఇవాళ ఇద్దరమ్మా! రేపు కోడలొస్తారు, మనవలొస్తారు" అన్నాడు. మావాడికి ఇంకా మీసమే సరిగ్గా రాలేదు. కొట్లో అప్పుడే మనవలు పుట్టేశారు! మావారు ఆ పెద్ద తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి ముచ్చటపడుతున్నారు. "కొంటే పెద్దదే కొనాలోయ్. ఖాళీ ఉంటే ఏం పోయింది?" అన్నారు.

ఏం పోతుందో నేను లెక్క చెప్పాను. ఖాళీ ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి బయటికి పోతుంది. లోపల సామాను, ఆఖరికి నీళ్ళ సీసాలున్నా సరే, చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. అలాగని కుక్కేస్తే గాలి ఆడదు. తలుపు మీద స్టార్లు చూసి మురిసిపోతాం గానీ, అవి ఆ సైజువాటి మధ్య పోలిక మాత్రమే. ఏడాదికి ఇన్ని యూనిట్లని ఆ కాగితం మీదే వేసిన అంకె చదువుకోవాలి. రోజూ వండుకునే ఇద్దరికి 180 నుంచి 200 లీటర్లు దండి. నా చిన్నప్పుడు మా పుట్టింట్లో ఆరుగురం 165 లీటర్లతో సరిపెట్టుకున్నాం.

ఈ లెక్కలు మావారికీ తెలుసు. నేను కొట్లో చెప్పనిది మరొకటుంది.

కిందటేడు ఒకరోజు మా పనామెకి గిన్నెలో చేపల పులుసు పోసి ఇచ్చాను. ఆవిడ మూత తీసి చూసి, తలెత్తకుండా, "ఇది ఏ రోజుదమ్మా?" అంది. "నిన్నటిదే" అన్నాను. అది మొన్నటిది. ఆవిడ ఇంకేమీ అనకుండా పట్టుకెళ్ళింది. సాయంత్రం గిన్నె కడిగి తెచ్చి ఇచ్చింది. బాగుందా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

వండిన రోజే అది మాకు ఎక్కువని తెలుసు. అప్పుడే ఇవ్వచ్చు. "రేపు మనమే తింటాంలే" అని లోపల పెట్టాను. మర్నాడు వేరే కూర వండాను. మూడోనాడు వాసన చూసి, ఇక నేను తిననని తేల్చుకున్నాక నాకు దానం గుర్తొచ్చింది.

అయితే నిలవ చెయ్యడం తప్పా? మా ఊళ్ళో ఆ మాటంటే నవ్విపోతారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఈ తీరమంతా మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడు ఆదుకునేవి ఎండుచేపలే. పక్కనే నౌపడా ఉప్పుమళ్ళు, నెత్తిన ఎండ, అదే వాళ్ళ ఫ్రిజ్జు. మన ఆవకాయ జాడీ సంగతీ అంతే. నిలవ ఉండాలనే పెట్టాం, మనమే తింటాం. చద్దన్నమూ ఇంటిల్లిపాదీ తిన్నదే. అందుకే పెద్దల మాటని చద్దిమూటతో పోల్చారు. నిన్నటిదైనంత మాత్రాన అన్నానికి అవమానం లేదు. నేను ముట్టనిది నువ్వు తిను అన్నప్పుడే పుచ్చుకునే మనిషికి అవమానం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. తలుపు తియ్యకపోయినా కరెంటు లేని ఫ్రిజ్జు నాలుగు గంటలకి మించి ఆహారాన్ని కాపాడలేదు. గాలి తెరిపివ్వగానే ఉన్నదంతా బయటపెట్టి, ఇరుగుపొరుగు వాళ్ళం కలిసి వండుకున్నాం. పాలు కాచి పక్కింటి పసిదానికి పట్టాం. ఆవేళ ఏ రోజుదని ఎవరూ అడగలేదు. అందరం ఒకే గిన్నెలోంచి తింటున్నాం మరి! కొన్నాళ్ళకి కరెంటొచ్చింది. నేనూ మళ్ళీ మామూలైపోయాను.

ఇదంతా ఇంటికొచ్చాక మావారికి చెప్పాను. "ఫ్రిజ్జు చిన్నదైతే మనసు పెద్దదవుతుందా?" అన్నారు. కాదు, ఒప్పుకుంటాను. చిన్న ఫ్రిజ్జులున్న వాళ్ళంతా దాతలు కారు. ఉద్యోగానికి పరిగెడుతూ, ఆదివారం వండిపెట్టుకుని వారమంతా నెట్టుకొచ్చే ఇల్లాలికి పెద్దది కావాలి. ఆవిడని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా బలహీనత మాత్రం నాకు తెలుసు. చోటుంటే నేను వాయిదా వేస్తాను. చోటు లేకపోతే, తినడమో పెట్టడమో ఆ రాత్రే తేల్చుకోవాలి.

చివరికి 190 లీటర్లది కొన్నాం. మర్నాడు చేపల గంపతో వచ్చినామె తొంగిచూసి, "ఈ సిన్న పెట్టి సాల్తాదేటమ్మా?" అంది. చాలదేమోనని నేనే నసిగాను. "ఏటీ కాదులే. రేపటి సేప నాకాడుంటాది, మీకాడెందుకు?" అని నవ్వేసింది.

ఆవేళ పులుసు మళ్ళీ ఎక్కువే అయింది. చెయ్యి చిన్నదవడానికి ఇంకా టైము పడుతుంది లెండి. స్టవ్ మీంచి దించగానే గిన్నెలో పోసి పనామెకి ఇచ్చాను. ఆవిడ మూత తీసింది. ఆవిరి మొహానికి కొట్టింది. ఏమీ అడగలేదు.

"ఇవాళ్టిదే" అని నేనే చెప్పుకున్నాను.