వాన ఎవరి పుణ్యం? కరువు ఎవరి పాపం?



2015లో మా వర్ని ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. నిజాంసాగర్ అడుగంటింది. 1931లో పూర్తయినప్పటి నుండి 2 లక్షల ఎకరాలకు పైగా తడపాలని ఆశించిన మంజీర నీళ్లు కాలువల్లో కనిపించలేదు. ఒక ఆదివారం పూజలో నేను ప్రసంగిస్తూ, "మన పాపాలు పండినందుకే మన పొలాలు ఎండాయి" అన్నాను. మాట బాగా కుదిరిందని లోలోపల సంతోషించాను కూడా.

పూజ ముగిశాక ఒక కౌలు రైతు గుడి బయట నిలబడి ఉన్నాడు. వినయంగానే అడిగాడు: "ఫాదర్, బోరున్నోళ్ల మడి పచ్చగనే ఉన్నది గదా. ఆళ్లకు పాపం లేదా?"

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నాకు ఆ క్షణాన జవాబు దొరకలేదు. ఆ ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

వానకు కారణాలున్నాయి. పసిఫిక్ మహాసముద్రం మీద నీరు మామూలు కంటే వేడెక్కితే మన నైరుతి రుతుపవనాలు తరచుగా బలహీనపడతాయి. పెరూ తీరంలోని జాలరులు క్రిస్మస్ రోజులలో వచ్చే ఆ వెచ్చని ప్రవాహానికి బాలయేసు పేరు పెట్టుకున్నారు. అదే 'ఎల్ నినో'. 2015లో వచ్చింది చాలా బలమైన ఎల్ నినో. అయితే ఇదీ లెక్క తప్పని సూత్రమేమీ కాదు. 1997లో అంతే బలమైన ఎల్ నినో వచ్చినా దేశం మొత్తం మీద వానలు మామూలుగానే కురిశాయి. 2023 జూలై చివరి వారంలో మన జిల్లాలోని వేల్పూరులో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. మరుసటి నెల ఆగస్టు, దేశంలో 1901 తరువాత అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా లెక్కకెక్కింది. 2025 ఆగస్టులో పక్కనున్న కామారెడ్డిలో రైలు పట్టాల కింద మట్టి కూడా కొట్టుకుపోయింది. వేల్పూరు చేసిన పాపమేమిటి? వర్ని చేసిన పుణ్యమేమిటి?

పునీత తోమాసు అక్వినాసు వారు దేవుణ్ణి ఆదికారణమన్నారు. ఆయన సృష్టిలోని ఇతర కారణాల ద్వారా పని చేస్తాడని, వాటి స్వభావాన్ని చెరపడని బోధించారు. సముద్రం వేడెక్కిందంటే దేవుడు పక్కకు తప్పుకున్నాడని కాదు. సముద్రాన్ని సముద్రంగా ఉండనిచ్చాడని అర్థం.

"మరి ఏలీయా మాట మీద కరువు రాలేదా?" అని మీరడగవచ్చు. వచ్చింది. కాని ఏలీయాను దేవుడు పంపాడు. అతడు రాజుతో, ప్రజలందరితో మాట్లాడాడు. పక్కవాడి ఎండిన మడిని చూపించి వాడి పాపం లెక్కగట్టలేదు. పైగా ఆ కరువులో ప్రవక్త తాగే వాగు కూడా ఎండిపోయింది! కరువు నీతిమంతుణ్ణి వదిలిపెట్టలేదు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరుల కంటే పాపాత్ములని తలచవద్దని ప్రభువే చెప్పారు (లూకా 13:4-5). పరలోకపు తండ్రి నీతిమంతులకూ అనీతిమంతులకూ వాన కురిపిస్తాడని బోధించినదీ ఆయనే (మత్తయి 5:45).

అయితే కరువుకూ వరదకూ మన బాధ్యత లేదా? ఉన్నది. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. వాన పడకపోవడం ఒక కీడు. కాలువ తలలో ఉన్నవారు వంతు దాటి నీరు పెట్టుకుంటే చివరి మడి ఎండడం ఇంకొక కీడు. కుంటను పూడ్చి ప్లాట్లు వేస్తే పేదవాని ఇంట్లోకి నీరు రావడమూ అంతే. మొదటిది ప్రకృతి వల్ల కలిగింది, రెండవది మన చేతుల నుండి పుట్టింది. ఈ రెంటి మధ్య గీత కూడా ఇప్పుడు చెరిగిపోతున్నది. లోకమంతా వదిలే పొగ వల్ల భూమి వేడెక్కి, వాన పడితే కుంభవృష్టిగా పడే రోజులు పెరుగుతున్నాయి. 2015లోనే ఫ్రాన్సిస్ పాపుగారు 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ భారం మొదట పేదల మీద పడుతుందని హెచ్చరించారు. తప్పు ఒకరిది, నష్టం ఒకరిది. దీనిని దేవుని శిక్ష అనడం దేవుని మీద అబద్ధ సాక్ష్యం పలకడమే.

మరి వాన కోసం ప్రార్థించడం మానుదామా? వద్దు. ప్రార్థన దేవుని మనసు మార్చడానికి కాదు, ఆయన ఇవ్వదలచినదానిని అందుకునేందుకు మనలను సిద్ధం చేయడానికి. వాన కోసం జపమాల చెప్పిన చేతులు పంట పోయిన ఏడు కౌలు తగ్గించగలగాలి. నీటి వంతు పాటించగలగాలి. పరిహారం పట్టాదారు ఖాతాలో పడితే, దున్నినవాని వాటా వానికి ఇవ్వగలగాలి. ఏలీయాను ఆ కరువులో బ్రతికించింది ఒక అన్యదేశపు వితంతువు. ఆమె దగ్గర ఉన్నది గుప్పెడు పిండి, కాస్త నూనె. అదే పంచింది.

2016 సెప్టెంబరులో భారీ వానలు కురిసి నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. ఆ ఏడాదిలో మా పాపాలు తగ్గాయని నేను చెప్పలేను. పాపసంకీర్తనాలు వినేవాడిని కదా! ఆ కౌలు రైతు మాత్రం అప్పటికి ఊళ్లో లేడు. అప్పు తీర్చడానికి కుటుంబంతో పట్నం వెళ్లిపోయాడు. నేను నా మాట వెనక్కి తీసుకున్నది వినడానికి గుళ్లో అతడు లేడు.

ఈ పత్రిక అతని ఇంటికి చేరుతుందో లేదో. అన్నా, నీ ప్రశ్నే సరైనది. నా ప్రసంగమే తప్పు.