అద్దాల తొట్టిలో ఆకలి

మా అబ్బాయి ఉద్యోగానికి పూణే వెళ్తూ తన చేపల తొట్టి నాకు అప్పగించి వెళ్ళాడు. పన్నెండు చిన్న చేపలు, నాలుగు రకాల నీటిమొక్కలు. "చేపలకి చిటికెడు మేత చాలమ్మా. మొక్కల జోలికి వెళ్ళకు" అని మరీ మరీ చెప్పాడు. నా సంగతి వాడికి తెలుసు. ఇంటికొచ్చినవాళ్ళకి మారు వడ్డించకుండా లేవనివ్వడం నా వల్ల కాదు.

నెల తిరక్కుండానే వాలిస్నేరియా ఆకులు పసుపుపచ్చగా అయిపోయాయి. మన చెరువుల్లో ఎవరూ చూడకుండానే పెరిగే మొక్క, నా ఇంట్లో నీరసించడమా! దుకాణంలో అడిగితే "వెలుతురు చాల్లేదమ్మా" అని పెద్ద లైటు అమ్మాడు. మొక్కలు లేచాయి, వాటితో పోటీగా పాచీ లేచింది. మళ్ళీ వెళితే "వెలుతురు పెంచాక తిండి పెంచాలి కదండీ" అన్నాడు.

అబద్ధమేం కాదు. మొక్క ఒళ్ళు కట్టేదే కర్బనంతో. నేలమీది మొక్కకి గాలి అందిస్తుంది. నీళ్ళలో మాత్రం బొగ్గుపులుసు వాయువు గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. మామూలు నీళ్ళు గాలి నుంచి పట్టి ఉంచేది లీటరుకి అర మిల్లీగ్రాము చిల్లర. సరదా ఉన్నవాళ్ళు సిలిండరు పెట్టి దాన్ని 30 దాకా తెస్తారు. అది ఇస్తే నత్రజని చాలదు, నత్రజని ఇస్తే పొటాషియం, ఆ తరువాత ఇనుము. ఏది అన్నిటికన్నా తక్కువైతే ఎదుగుదల అక్కడే ఆగుతుందని జర్మనీలో లీబిగ్ పండితుడు 19వ శతాబ్దంలోనే చాటాడు. పులుసులో ఉప్పు లేకపోతే ఇంకో గుప్పెడు చింతపండు పిసికి ఏం లాభం, చెప్పండి?

సిలిండరు ధర విని గుండె గుభేలుమంది. సీసాలో పంచదార, ఈస్టు కలిపి, గొట్టం తొట్టిలోకి వదిలాను. రెండోనాటికి ఆకుల మీద ముత్యాల్లాంటి బుడగలు! పక్కింటి వదినగారిని పిలిచి మరీ చూపించాను. కానీ ఈస్టుకి రాత్రీ పగలూ లేదు. చీకటి పడ్డాక మొక్కలు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చి ఆ వాయువునే వదులుతాయి. పొద్దున్న చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మూడు అప్పటికే పోయాయి.

ఆకలన్నవాళ్ళకి పెట్టాను, అందులో తప్పేముందని ఆ రోజంతా నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రానికి ఆ మాట నిలవలేదు. అంత ఆకలి పుట్టించింది నేను కొన్న లైటే కదా! అలాగని ప్రకృతి చూసుకుంటుందని చేతులు దులుపుకోవడమూ కుదరదు. చెరువులో బురద ఉంది, కుళ్ళిన ఆకు ఉంది. అద్దాల పెట్టెలో ఏముంది? తెచ్చి పెట్టుకున్నవాళ్ళం మనం, పెట్టాల్సిందీ మనమే. ఎంత అన్నదే చిక్కు.

జపానులో తకాషి అమానో (1954–2015) వాయువు, ఎరువు పుష్కలంగా ఇచ్చి, కత్తెరతో కత్తిరిస్తూ నీళ్ళలో పచ్చికబయళ్ళు సృష్టించాడు. అమెరికాలో డయానా వాల్‌స్టడ్ అనే ఆవిడ 1999లో పుస్తకం రాసి, అడుగున మట్టి, పైన గులకరాళ్ళు వేస్తే, చేపలకి వేసిన మేతే తిరిగి మొక్కలకి ఎరువవుతుందంది. నా బుద్ధి ఆవిడ వైపు. కళ్ళు మాత్రం ఇప్పటికీ ఆయన వైపే పోతాయి. ఆ పచ్చదనం కావలసింది మొక్కలకా, నాకా అంటే నిజం చెప్పడానికి మొహమాటం.

అబ్బాయికి ఫోను చేస్తే "ఏం చేశావమ్మా?" అన్నాడు. "పెట్టాన్రా" అన్నాను. వాడింకేం అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు పాత లైటే, రోజుకి ఆరు గంటలు. ఎరువు వారానికొకసారి, సీసా మీద రాసినదాంట్లో సగం. ఎర్రాకుల మొక్క ఒకటి నిలవలేదు. ఆ సంగతి వాడికింకా చెప్పలేదు. వాలిస్నేరియా నిన్న ఒక ఆకు వేసింది. సంబరం పట్టలేక ఇంకో రెండు చుక్కలు వేద్దామని సీసా తీశాను. తీసి, మూత బిగించి, తీసుకెళ్ళి వదినగారి చేతిలో పెట్టొచ్చాను. ఆవిడ నాకన్నా నిబ్బరం గల మనిషి. ఆదివారం తప్ప ఇవ్వదు.