ఖాళీగా ఉన్న ఆ చోటు



లాలాపేట్‌లో రైలు కూత వినపడని పూట ఉండదు. ఇక్కడి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది రైల్వేయే. అందుకేనేమో, 2014 జులై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద జరిగిన ఘోరం మన వీధుల్లో మరీ దగ్గరగా తాకింది. నాందేడ్ నుండి సికింద్రాబాదుకు వస్తున్న ప్యాసింజరు రైలు, కాపలా లేని గేటు దగ్గర పట్టాలు దాటుతున్న బడి బస్సును ఢీకొన్నది. తూప్రాన్‌లోని బడికి బయలుదేరిన పసివాళ్ళు పదిమందికి పైగా చనిపోయారు. గాయపడిన పిల్లలను సికింద్రాబాదు ఆసుపత్రికి తెచ్చారు. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజి మార్గాలపై కాపలా లేని గేట్లన్నీ తీసివేశారు. మంచిదే. కాని ఆ తల్లుల మాటేమిటి?

బడి మళ్ళీ తెరిచిన రోజును ఒక్కసారి తలచుకోండి. ఉపాధ్యాయురాలు హాజరుపట్టీ తీస్తుంది. ఒక పేరు దగ్గర ఆమె గొంతు ఆగిపోతుంది. పక్కన కూర్చునే పిల్లవాడు బల్లమీద ఆ చోటు వదిలే కూర్చుంటాడు. మనం పెద్దవాళ్ళం ఏం చేస్తాం? ఆ పేరెత్తవద్దు, పిల్లలు బెదిరిపోతారు అంటాం. ఆ తల్లి దగ్గరకు వెళ్ళి, దేవుడికి నచ్చిన పువ్వును ఆయనే కోసుకున్నాడమ్మా అంటాం. సదుద్దేశంతోనే అంటాం, నిజమే. కాని తన బిడ్డను కోసుకుపోయిన దేవునికి ఆ తల్లి రేపు ఎలా ప్రార్థన చేస్తుంది? దయచేసి ఆ మాట అనకండి. లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏ కారణమూ చెప్పి సరిపెట్టలేదు, ఏడ్చాడు. నాయీనులో విధవరాలి ఒక్కగానొక్క కొడుకు పాడె ఎదురైతే, ఎవరూ అడగకుండానే కనికరపడ్డాడు. చావును పంపినవాడు అలా ఏడవడు.

మరి బడి ఏం చేయాలి? దొన్ బోస్కోగారిని చూడండి. ఆయన బడిలో చదివిన దొమినిక్ సావియో 1857 మార్చి 9న, పదిహేనేళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. దొన్ బోస్కో ఆ పేరును దాచిపెట్టలేదు. తాను చూసినవీ, తోటి పిల్లలు చూసినవీ కూర్చి 1859లో ఒక పుస్తకం వేయించి, దాన్ని పిల్లల చేతికే ఇచ్చారు. రాళ్ళతో కొట్టుకోబోతున్న ఇద్దరు కుర్రవాళ్ళ మధ్యకు సిలువ పట్టుకుని వెళ్ళి దొమినిక్ నిలబడిన సంగతి మనకు తెలిసింది అందువల్లనే. 1954లో తిరుసభ అతనిని పునీతుడని ప్రకటించింది. అంతకు దాదాపు వందేళ్ళ ముందే అతని బడి అతనిని గుర్తుపెట్టుకున్నది.

అందరు పిల్లలూ పునీతుల జాబితాకు ఎక్కకపోవచ్చు. పెన్సిలు అరువిచ్చినవాడు, టిఫినులో సగం పెట్టినవాడు, లెక్కలకు ఏడ్చినవాడు కూడా గుర్తుండవలసినవాడే. ఆ పిల్లలు మన మతంవారు కాకపోతేనో? దివ్యబలిపూజలో తిరుసభ, దేవునికి మాత్రమే తెలిసిన విశ్వాసంతో మరణించినవారి కోసం కూడా ప్రార్థిస్తుంది. నవంబరు 2న సమాధులపై కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు, సమాధి ఎక్కడుందో మనకు తెలియని పిల్లల కోసం ఇంకొకటి వెలిగించవచ్చు.

యాయీరు కూతురికి పన్నెండేళ్ళు. ప్రభువు ఆమె చెయ్యి పట్టుకొని లేపాక, ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. చదివిన ప్రతిసారీ నాకు ఆ చిన్న సంగతి దగ్గరే చూపు ఆగుతుంది. మన వాడల్లో చావు జరిగిన ఇంట పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగువారే అన్నం తెస్తారు. మొదటి రోజుల్లో అందరం వెళతాం. నెల తిరిగాక ఎవరూ వెళ్ళరు. బడి తెరిచే జూన్‌లో, పుట్టినరోజు నాడు, ఆ ఇంటి గడప ఇంకా బరువుగా ఉంటుంది. ఆ రోజు ఒక క్యారేజీ పట్టుకొని వెళ్ళండి. కూర్చున్నాక, ఆ బిడ్డ పేరు ముందుగా మీరే పలకండి.