క్రమక్రమముగా

ధ్యానభాగము: నిర్గమకాండము 23:29, 30



ఇశ్రాయేలీయుల యెదుటనుండి శత్రుజనములను ఒక్క ఏటిలోనే తోలివేయుట దేవునికి అసాధ్యమా? కాదు. అయినను ఆయన అట్లు చేయలేదు. దేశము పాడుపడి అడవిమృగములు పెరిగిపోవునని ఎరిగి, కొంచెము కొంచెముగానే వారిని వెళ్లగొట్టెదనని సెలవిచ్చెను. ఆ జాగులో ఆయన జాలి యున్నది.

ఈ సంగతి మన సంఘములలో కొందరికి నేడు మిక్కిలి అవసరము. మనోవ్యాకులతకు మాత్రలు వాడువారు మన పల్లెలలోను కలరు. మిరపపంట పోయి అప్పులపాలైన రైతు, కాన్పు తరువాత దుఃఖము వీడని తల్లి, వీరికి వైద్యుడు సెర్ట్రాలిన్, పరాక్సెటిన్ వంటి మాత్రలు వ్రాసియిచ్చును. కొన్ని వారములకు నిద్ర పట్టును, ఆకలి వేయును, ముఖము తేటపడును. అంతట స్వస్థత కూటములో ఎవరో, “విశ్వాసమున్న యెడల మాత్రలు పారవేయుము” అందురు. ఆ తల్లి ఆ రాత్రియే మందుల చీటీతో కూడ వాటిని పొయ్యిలో వేయును.

కొద్ది దినములలోనే తల తిరుగును, కడుపులో వికారము పుట్టును, పీడకలలు వచ్చును, తలలో కరెంటు కొట్టినట్లు జివ్వుమనును, ఊరకయే ఏడ్పును కోపమును కలుగును. ఇరుగుపొరుగువారు దయ్యము పట్టినదందురు. ఆమెయో, తన విశ్వాసము చాలలేదని కుమిలిపోవును. ఈ రెండు తలంపులును సరికావు. మాత్రకు అలవాటుపడిన మెదడు, అది హఠాత్తుగా లేకపోగా తడబడుచున్నది, అంతే. త్రాగుబోతు సారాకొరకు అలమటించునట్టి వ్యసనమును ఇది కాదు.

ఇట్టి మందులలో తొలివాటిలో ఒకటైన ఇమిప్రమిన్ గుణమును స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో వెల్లడించెను. దానిని ఆపినప్పుడు కలుగు బాధలను కొద్ది ఏండ్లలోనే వైద్యులు గుర్తించిరి. 2024లో వెలువడిన పరిశీలన ప్రకారము, ఇట్టి మందులు ఆపినవారిలో ముగ్గురిలో ఒకరికి ఏదో యొక బాధ కలుగును. తీవ్రమైన బాధ సుమారు 35 మందిలో ఒకరికి కలుగును. కావున అందరును భయపడనక్కరలేదు, ఎవరును తొందరపడనురాదు.

చెరువు నీరు దింపవలెనన్న తూము మెల్లగా ఎత్తుదుము గాని కట్టను తెగగొట్టము గదా! వైద్యుడును అట్లే వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టినను, మోతాదును కొంచెము కొంచెముగా తగ్గించును. చివరి కొద్దిపాటి మోతాదును మరింత మెల్లగా తగ్గించవలసి యుండును. మీయంతట మీరే తగ్గింపకుడి. కొన్ని మాత్రలు విరువదగినవి కావు. ఇప్పటికే ఆపివేసి బాధపడుచున్నవారు సిగ్గుపడక వైద్యునికి చెప్పుడి. పాత దుఃఖమే మరల వచ్చినదో, ఇది మందు ఆపుటవలన కలిగినదో ఆయన విచారించి చెప్పును.

మందు వాడుట అవిశ్వాసమా? హిజ్కియాకు స్వస్థత వాగ్దానము చేయబడిన పిమ్మటనే అతని పుండుమీద అంజూరపు ముద్ద వేయించిరి. వాగ్దానమును ముద్దయు ఒకే దేవుని చేతినుండి వచ్చినవి.

సంఘమా, నీ పనియు కలదు. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దేవదూత గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, నిద్రపోనిచ్చి, మరల లేపి తినిపించెను. మీరును అట్లే చేయుడి. నందిగామకో విజయవాడకో వైద్యునియొద్దకు తోడు వెళ్లుడి. ఇంత అన్నము పెట్టి, ప్రక్కన కూర్చుండి ప్రార్థించుడి. చచ్చిపోవలెనని ఎవరైన పలికిన యెడల ఒంటరిగా విడువకుడి. 14416 అను టెలీ మానస్ నంబరుకు రాత్రియైనను పగలైనను ఫోను చేయవచ్చును. అది ఉచితము, తెలుగులోనే మాటలాడుదురు.

ప్రార్థన: ప్రభువా, వెంటనే బాగుచేయు నీ శక్తిని నమ్ముచున్నాము. మెల్లగా నడిపించు నీ జాలిని కూడ నమ్ముటకు మాకు సహాయము చేయుము. ఆమేన్.