ఒక్క కుండీ చాలమ్మా!

ఏమ్మా, మొక్కల బండి దగ్గర బోస్టన్ ఫెర్న్ బేరమాడుతున్నావంట! అంత పచ్చగా, అంత గుబురుగా కిందికి జారుతుంటే చూసినవాళ్ల చెయ్యి ఊరుకోదులే. తెచ్చుకో, వద్దనను. కానీ ఒక్కటి తెచ్చుకో. మూడు తెచ్చి మూడూ ఎండబెట్టేకన్నా ఒకటి తెచ్చి బతికించుకోవడం మేలు.

అదెక్కడిదో ముందు తెలుసుకో. 1894లో అమెరికాలో బోస్టన్ దగ్గర బయటపడిన రకమది. దాని మూలం ఫ్లోరిడా లాంటి చిత్తడి చోట్లు. మన ఊరికి కడియం నర్సరీల నుంచి వచ్చిందనుకో, అక్కడ గోదావరి కాలవల తేమ గాలికి పెరిగి ఉంటుంది. మన రామగిరి వైపేమో ఏడాది మొత్తానికీ 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కొత్త కోడల్ని ఇంటికి తెచ్చిన రోజే ఎర్రటి ఎండలో చేనికి పంపుతామా? దాన్నీ అంతే, కొన్నాళ్లు నీడపట్టున కుదురుకోనివ్వు.

ఎండే దాని శత్రువు అనుకుంటావు నువ్వు. ఎండకన్నా గాలి పాడుది. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టారా? ఆషాఢంలో ఆ గాలి మొదలైతే, వేర్లు నీళ్లు పైకి అందించేలోపే ఆకుల్లో తడి లాగేస్తుంది. అందుకని మేడ మీదా, వీధి వరండాలోనూ వేలాడదీయకు. తూర్పు కిటికీకి కాస్త లోపలగా పెట్టు. ఫ్యాను కింద వద్దు. కూలర్ విసురు గాలికి ఎదురుగానూ వద్దు. మట్టికుండీ మన ఎండలకు తొందరగా ఆరిపోతుంది కాబట్టి మొక్కను ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్నొక పెద్ద మట్టికుండీలో దించి, మధ్య సందులో ఇసుక పోసి ఆ ఇసుకను తడుపుతుండు. చుట్టూ ఆ కాస్త చెమ్మ ఉంటే దానికి ప్రాణం లేచొస్తుంది.

ఇక నీళ్ల సంగతి. నాకు కోపమొచ్చేది ఇక్కడే. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టేది చూశావు కదా, కుండీ అంచున పేరుకునేదీ అదే ఉప్పు. ఆ ఉప్పుకే ఆకు కొసలు మాడతాయి. అది చూసి నువ్వు ఎరువు తక్కువైందని ఇంకో గుప్పెడు వేస్తావు, ఉప్పు మీద ఉప్పు! ఫిల్టర్ మిషన్ వదిలే వృథా నీళ్లు మంచివే కదా అని తెచ్చి పోయకు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఏసీ పైపు నుంచి కారే నీళ్లకు బకెట్ పెట్టు. గాలిలో తేమే చల్లబడి నీరయింది, అందులో ఉప్పుండదు. వాన పడితే మేడ మీద నీళ్లు డ్రమ్ములో పట్టు. మనకు మంచి వానలు పడేది సెప్టెంబరులోనే, అప్పుడు బద్ధకించావో ఆ ఏటికి పోయినట్టే. అంతేగానీ కొళాయి వచ్చినప్పుడు మీ అమ్మ పట్టి మూత పెట్టుకున్న బిందెలో చెంబు ముంచకు తల్లీ. వెయ్యి అడుగులు దించినా చుక్క పడని బోర్లున్న నేల మనది. నీ అలంకారానికి పోసే నీళ్లు ఇంట్లో ఇంకొకరి వంటనీళ్లు కాకూడదు.

నీకు ప్రేమ లేదని కాదు, తీరికే లేదు. వారమంతా మరిచిపోయి ఆదివారం గుర్తొచ్చి బకెట్ గుమ్మరిస్తావు. వారమంతా ఎండిన వేరు ఒక్కపూటలో మునిగితే కుళ్లకేం చేస్తుంది? పొద్దున పళ్లు తోముకునేటప్పుడు మట్టిలో వేలు పెట్టి చూడు. పైమట్టి ఆరుతుంటే నీళ్లు పొయ్యి, తడిగా ఉంటే ఊరుకో. ఊరుకోవడమూ పనే.

ఇంకొకటి. ఆకు వెనక వరసగా గోధుమరంగు చుక్కలు కనిపించగానే పురుగని మందు కొట్టేయకు. ఫెర్న్‌కి పూలూ ఉండవు, గింజలూ ఉండవు. గింజలకు బదులు ఆ చుక్కల్లో పొడి ఉంటుంది. వరస తప్పి, కాడల మీద కూడా అంటుకుని, గోరుతో గీకితే ఊడొస్తే అప్పుడు పురుగు. ముందు చూడు, తర్వాత మందు.

ఇంత ఓపిక నాకు లేదంటావా, మన రాళ్ల సందుల్లో మయూరశిఖ ఉందిగా, అదీ ఫెర్నే. నెమలి తలమీది కుచ్చులా జానెడు కూడా ఉండదు. ఎండాకాలం ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, వాన తగలగానే విప్పుకుంటుంది. చూసి రా, పీక్కురావద్దు. కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే దానికి పడదు.

ఊరు వదిలి బెంగళూరు వెళ్లాల్సివస్తే, బస్సెక్కే ముందు మాత్రం కుండీ ఎవరికి అప్పగిస్తున్నావో చెప్పి వెళ్లు. ఎన్ని నీళ్లో, ఏ నీళ్లో చూపించి వెళ్లు. చెప్పకుండా వెళ్లి, పండక్కి వచ్చాక "నీళ్లు కూడా పోయలేదా?" అని అమ్మ మీద గయ్యిమనే దానివి కాదు కదా నువ్వు?